‘విచ్’కి తెలుగు మాట: మంత్రగత్తె సరిపోతుందా?

ప్రశ్న: 1692 నాటి సేలం, అంటే అమెరికాలోని మసాచుసెట్స్‌లో మంత్రగత్తెలంటూ జనాన్ని విచారించి ఉరితీసిన ఊరు. మంత్రవిద్య తెలిసిన ముగ్గురు అక్కచెల్లెళ్లు. ఇలాంటి చారిత్రక కాల్పనిక నవలను తెలుగు చేస్తే ‘విచ్’ని ఏమనాలి? మొదట ఊరు ఆ మాటతో తిడుతుంది, చివర వాళ్లే దాన్ని తమ పేరుగా చెప్పుకుంటారు.

జవాబు: మొదటి పేజీ నుంచి చివరిదాకా ‘మంత్రగత్తె’ ఒక్కటే ఉంచండి. చెలికాడు–చెలికత్తె, అందగాడు–అందగత్తె, మంత్రగాడు–మంత్రగత్తె. ఆ ప్రత్యయంలో తిట్టేమీ లేదు, మంత్రం తెలిసినదని అర్థం, అంతే. తిట్టేచోట ‘మాయలమారి’, చివర ‘మాంత్రికురాలు’ అని మార్చారా, వాళ్లు తమదిగా చేసుకున్నది ఆ తిట్టునే అని పాఠకుడికి అందదు. నవల ప్రాణమంతా అక్కడే ఉంది.

మరొకరు: సేలంలో ఉరితీసిన 19 మందిలో అయిదుగురు మగవాళ్లు. వాళ్లకు ‘మంత్రగాడు’ నయం. ‘మాంత్రికుడు’ అంటే లేని పెద్దరికం వస్తుంది. అన్నట్టు, అక్కడ ఎవరినీ కాల్చలేదు, ‘సజీవదహనం’ రానివ్వకండి.

ప్రశ్న: నేరం పేరు ‘చేతబడి’ అనొచ్చా?

జవాబు: వద్దండి. చేతబడి అనగానే ‘ఎవరు చేయించారు?’ అని అడుగుతాం. చేయించినవాడు, చేసినవాడు, బలైనవాడు, ముగ్గురూ ఆ మాటలోనే ఉన్నారు. సేలంలో ఆరోపణకు మూలం సైతానుతో ఒప్పందం, వాడి పుస్తకంలో సంతకం. కోర్టు భాషకు ‘క్షుద్రవిద్య’ నప్పుతుంది. చిల్లంగి, బాణామతి మంచి మాటలే కానీ కథను మన పల్లెలోకి లాక్కొస్తాయి. మంత్రగత్తె వెంట తిరిగే పిల్లినో పక్షినో ‘కర్ణపిశాచి’ అనడం ఇంకా పెద్ద పొరపాటు. అది చెవిలో చెప్పేది, ఇది కళ్లకు కనిపించేది. ‘తోడు దయ్యం’ అంటే చాలు.

మరొకరు: ‘విచ్’ కన్నా ‘సిస్టర్’ దగ్గరే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. ఆ విచారణల్లో నిజంగానే ముగ్గురు తోబుట్టువులు చిక్కుకున్నారు. పెద్దామె రెబెకా నర్స్‌ని జూలై 19న, మేరీ ఈస్టీని సెప్టెంబర్ 22న ఉరితీశారు. చిన్నది సారా క్లోయిస్ బతికి బయటపడింది. మేరీ నోట ‘సిస్టర్’ వస్తే రెబెకా అయితే అక్క, సారా అయితే చెల్లి. అందుకే అనువాదం మొదలెట్టకముందే నవలంతా చదివి ఎవరు పెద్దో కాగితం మీద రాసుకోవాలి. అయిదో అధ్యాయంలో తెలిస్తే వెనక్కి వెళ్లి ప్రతి పిలుపూ దిద్దాలి. రచయిత వయసులు కావాలనే దాస్తే పేర్లతో నెట్టుకురండి, కథనంలో ‘తోబుట్టువు’ వాడండి. సంభాషణలో మాత్రం ‘సోదరీ’ వద్దు, ఇంట్లో ఎవరూ అలా పిలవరు.