పరాయి నేలలో మొక్క విజృంభించడానికి శత్రువులు లేకపోవడం ఒక్కటే కారణమా?

ప్రశ్న

మిత్రులకు నమస్కారం. ఒకచోట పుట్టిన మొక్క మరో ఖండానికి చేరి అక్కడ ఎందుకంతగా విజృంభిస్తుందని అడిగితే, దాన్ని తినే పురుగులూ, దానికి పట్టే తెగుళ్లూ కొత్తచోట ఉండవు కాబట్టి అన్న జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. నాకది సగం జవాబుగానే తోస్తోంది. అదే అసలు కారణమైతే బయటి నుంచి తెచ్చిన మొక్కలన్నీ అలాగే వ్యాపించాలి. కానీ వాటిలో ఎక్కువ భాగం మనిషి నీరు పోసి కాపాడినంత కాలమే బతుకుతాయి. పైగా కొన్ని మొక్కలు దశాబ్దాల పాటు తోటల్లో అణగి ఉండి, ఆ తరువాత ఒక్కసారిగా అడవుల్లోకీ పొలాల్లోకీ పాకుతాయి. ఈ రెండు విషయాలనూ కలిపి ఎవరైనా వివరించగలరా?

మొదటి సమాధానం

మీ సందేహం సరైనదే. దీన్ని ఒకదాని కింద ఒకటి పెట్టిన జల్లెడల వరుసగా ఊహించుకోండి. మొక్క ముందుగా సముద్రం దాటాలి, ఆ పని చాలావరకు మనిషే చేసిపెడతాడు. దాటాక అక్కడి చలినీ ఎండనూ తట్టుకోవాలి. తట్టుకున్నాక ఎవరి సాయమూ లేకుండా పూసి, కాసి, తరువాతి తరాన్ని నిలబెట్టుకోవాలి. అప్పుడు గాని తల్లిమొక్కకు దూరంగా వ్యాపించే ప్రశ్నే రాదు. బ్రిటిష్ జీవావరణ శాస్త్రవేత్త మార్క్ విలియమ్సన్ ఒక్కో దశను దాటేవి సుమారు పదింట ఒకటేనని అంచనా కట్టారు. అది ఉజ్జాయింపు లెక్కే, మినహాయింపులు చాలా ఉన్నాయి.

నా దృష్టిలో అందరూ తక్కువగా అంచనా వేసే అంశం మరొకటుంది: ఆ మొక్కను ఎన్నిసార్లు, ఎన్ని చోట్ల, ఎంత పెద్ద సంఖ్యలో నాటారన్నది. పది విత్తనాలు వస్తే ఒక్క కరువుకో ఒక్క వరదకో అవి తుడిచిపెట్టుకుపోవచ్చు. కుడ్జు తీగను అమెరికాలో 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో అలంకారపు మొక్కగా చూపించారు. అది దక్షిణ రాష్ట్రాలను కమ్మేయడానికి దారి వేసింది మాత్రం 1930లలో నేలకోతను ఆపడానికి ప్రభుత్వమే పంచిన కోట్లాది నారు మొక్కలు.

రెండవ సమాధానం

శత్రువుల వాదనను పూర్తిగా కొట్టిపారేయవద్దని నా మనవి. ఆస్ట్రేలియాలో 1920ల నాటికి నాగజెముడు దాదాపు 2.4 కోట్ల హెక్టార్లను ఆక్రమించింది. 1925లో అర్జెంటీనా నుంచి కాక్టోబ్లాస్టిస్ అనే చిమ్మెట గుడ్లను తెప్పించి, దాన్ని పెంచి వదిలితే, దాని గొంగళిపురుగులు పదేళ్లు తిరగకముందే ఆ డొంకల్లో అత్యధిక భాగాన్ని తినేశాయి. శత్రువు రాగానే మొక్క కూలిందంటే, అంతవరకు శత్రువు లేకపోవడమే దాని బలమని ఒప్పుకోవలసిందే.

అయితే ఈ ఒక్క కథను అన్నిటికీ అన్వయించడం తప్పు. బ్రిటన్‌లోని జపనీస్ నాట్‌వీడ్ మొక్కలన్నీ ఒకే ఆడమొక్క నుంచి దుంపవేళ్ల ముక్కలుగా విడిపోయి పెరిగినవి. మగమొక్క లేక అది తన జాతి విత్తనం కట్టలేకపోయినా, తవ్విన మట్టితో పాటు లారీల్లో వెళ్లిన దుంపవేళ్ల ముక్కలతో, నదుల వెంట కొట్టుకుపోయిన ముక్కలతో దేశమంతా పరుచుకుంది. గుర్రపుడెక్క సంగతి ఇంకొకటి: ఎరువులూ మురుగూ కలిసిన నీటిలో అది రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదు. అక్కడ మొక్క శక్తి ఎంతో, పాడైన నీటి పాత్ర కూడా అంతే. రోడ్ల అంచులు, తవ్వి వదిలిన నేలలు, అతిగా మేసిన బయళ్లు ఇవన్నీ పోటీ లేని ఖాళీ జాగాలు; వయ్యారిభామ వంటివి ముందు దిగేది అక్కడే.

మూడవ సమాధానం

అణగి ఉండే కాలం గురించి నేను చెబుతాను. జర్మనీలోని బ్రాండెన్‌బర్గ్ ప్రాంతంలో పెంచిన పరాయి చెట్లు, పొదలు తోట దాటి వ్యాపించడానికి సగటున 147 ఏళ్లు పట్టిందని జర్మన్ జీవావరణ శాస్త్రవేత్త ఇంగో కొవారిక్ 1995లో చూపించారు. ఇందులో కొంత కేవలం లెక్కే: ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతున్నంత కాలం అది ఎవరి కంటికీ ఆనదు. కొంత మాత్రం తోడు కోసం ఎదురుచూపు. మర్రిజాతి చెట్లలో ఒక్కోదానికి పరాగసంపర్కం చేసే ప్రత్యేకమైన కందిరీగ ఉంటుంది. ఆ కీటకం లేకపోతే కాయలో మొలకెత్తే గింజ ఉండదు. ఫ్లోరిడాలో నాటిన మర్రి, దాని బంధువులు మరి రెండూ ఎన్నో ఏళ్లు గొడ్డుచెట్లుగానే నిలిచాయి. తమ తమ కందిరీగలు చేరాకే వాటి పిల్లమొక్కలు గోడల మీదా ఇతర చెట్ల మీదా మొలిచాయి. దక్షిణార్ధగోళంలో పైన్ చెట్లు కూడా తమ వేళ్లకు తోడుండే శిలీంధ్రాలు మట్టితో వచ్చేదాకా చాలాచోట్ల ఎదగలేదు. శత్రువులను వదిలి రావడం ఎంత ముఖ్యమో, మిత్రులను కలుసుకోవడమూ అంతే ముఖ్యమన్నమాట.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మర్రి ఉదాహరణ నా ఆలోచననే మార్చింది. మరి అణగి ఉన్న దశలోనే, రేపు ప్రమాదకరమయ్యే మొక్కను గుర్తుపట్టే వీలుందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

కొంతవరకు ఉంది. ఆస్ట్రేలియా 1997 నుంచి కొత్త మొక్కను దేశంలోకి అనుమతించే ముందు 49 ప్రశ్నలతో పరీక్షిస్తోంది. విత్తనాల సంఖ్య, పక్షులు పండ్లను తింటాయా, ముక్క నుంచి మొలుస్తుందా వంటివన్నీ అందులో ఉన్నాయి. కానీ వాటన్నిటికంటే నమ్మదగిన సూచన, అదే మొక్క ఇటువంటి వాతావరణమున్న మరోచోట ఇప్పటికే కలుపుగా మారిందా అన్నదే. ముందుగా ఆ ఒక్కటి వెతికి చూడండి.