బొంత మీద మెలికల ముగ్గు గీయడానికి ఏది వాడాలి?

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. అమ్మ పాత నూలు చీరలతో మా చెల్లి పాపకి బొంత కుడుతున్నాను. పైన మెలికల ముగ్గు గీసి, ఆ గీత వెంటే చేత్తో కుట్టాలని నా ఆశ.

ముదురు మెరూన్ ముక్కల మీద టైలర్ చాక్ చక్కగా కనిపిస్తుంది, కానీ బొంత అటూ ఇటూ తిప్పేసరికి రాలిపోతోంది. గాలికి చెరిగే ఊదారంగు పెన్ను ఈ కాలవగట్టు తేమకి ఇంకా త్వరగా మాయమవుతోంది. ఇస్త్రీ వేడికి పోయే పెన్ను సులువే, కానీ గడ్డకట్టే చలిలో ఆ గీత మళ్లీ తేలుతుంది. ఇక్కడైతే పర్లేదు, చెల్లి ఉండేది కెనడాలో! అందుకే అది వద్దనుకున్నాను.

ఇక మిగిలింది నీళ్లతో పోయే నీలం పెన్ను. కడగకముందే ఇస్త్రీ తగిలితే రంగు పట్టేస్తుందని తెలుసు, ఆ జాగ్రత్త తీసుకుంటాను. అయినా టెన్షన్‌గానే ఉంది, అమ్మ చీరలు మళ్లీ దొరకవు కదా. బాగా ఉతికి మెత్తబడ్డ నూలు మీద అది పూర్తిగా పోతుందా? చన్నీళ్లలో ఎంతసేపు నానబెట్టాలి?

మెరూన్ మీద చాక్ కన్నా నిలిచే తెల్ల పెన్సిల్ ఏదైనా ఉంటే చెప్పండి. భీమవరంలోనో రాజమండ్రిలోనో దొరికేదైతే మరీ మంచిది.