ఒగ్గు కథ క్యాసెట్లు వినడానికి కంప్యూటర్ స్పీకర్లు: పది పన్నెండు వేలలో ఏవి మంచివి?

ఐనవోలు ఆడబిడ్డ (హనుమకొండ)

అందరికీ నమస్కారం. మాది ఐనవోలు. ఉద్యోగం కోసం హనుమకొండ వచ్చి బాలసముద్రం వైపు ఉంటున్నాం. మా మేనమామ ఒగ్గు కథ చెప్పేవారు. కొమురవెల్లి జాతరకు, మా ఐనవోలు మల్లన్న జాతరకు, ఇళ్ళల్లో పట్నాలు (దేవుడి ముందు వేసే ముగ్గులు) వేసినప్పుడు ఆయన దళం వెళ్ళేది. ఊళ్ళో ఎవరో ఒకరు టేప్‌రికార్డర్ ముందు పెట్టి రికార్డు చేసిన క్యాసెట్లు రెండు సంచుల నిండా నా దగ్గరున్నాయి. కొన్నింటిని తమ్ముడు కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. రోజూ బడి నుంచి వచ్చాక కూర్చుని, ఒక్క మాట పోకుండా కథంతా టైప్ చేస్తున్నాను. మామ లేరు. ఆయన పక్కన వంత పాడినవాళ్ళలో ఇద్దరే మిగిలారు, వాళ్ళకూ ఓపిక తగ్గింది. ఇది వాయిదా వేసే పని కాదు.

ఇబ్బంది అంతా స్పీకర్లతోనే. ఇప్పుడున్నది 2.1 సెట్. టేబుల్ కింద పెద్ద ఊఫర్ డబ్బా, పైన అరచేతి సైజు చిన్నవి రెండు. డోలు మొదలైందంటే గదంతా గుమ్మని నిండిపోతుంది, పక్కనున్న ఇనుప బీరువా తలుపు గడగడలాడుతుంది, మామ మాట అడుగున పడిపోతుంది. ఒకచోట 'పట్నం' అన్నారో 'పట్టం' అన్నారో తేల్చుకోలేక చాలాసేపు వెనక్కీ ముందుకూ తిప్పాను. సౌండ్ పెంచితే డోలే పెరుగుతోంది తప్ప మాట పెరగట్లేదు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకోమని తమ్ముడి సలహా. కానీ అమ్మ నా పక్కనే కూర్చుని వింటుంది. పాత మాటలు, కులం వాళ్ళ ఆచారాల పేర్లు ఆమె చెప్తేనే నాకు తెలుస్తాయి. ఇద్దరం కలిసి వినాలి.

టేబుల్ నాలుగడుగులది, గోడకు ఆనుకుని ఉంది. కింద టైల్స్, పైన స్లాబ్. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు స్పీకర్లలో జుయ్‌మని శబ్దం వస్తుంది. షాపులో అడిగితే వాట్లు ఎక్కువున్నవి చూపిస్తున్నారు. నాకు గట్టిగా మోగడం అక్కర్లేదు, మాట తేటగా వినబడాలి. ఏం చూసి కొనాలో చెప్పండి.

పరకాల పిల్లగాడు

అక్కా, నేను గేమ్స్ ఆడతాను, సినిమాలు చూస్తాను. మా ఇంట్లో లాజిటెక్ జెడ్623 ఉంది. 200 వాట్లు, టిహెచ్ఎక్స్ సర్టిఫికెట్ ఉన్నది. ఎంత పెంచినా పగలదు. మీ సెట్ చిన్న రకం కాబట్టే అట్లా వినబడుతుండొచ్చు, 2.1లోనే పెద్దది తీసుకుంటే సరిపోతుందనిపిస్తుంది.

సోల్డరింగ్ ఐరన్ (వరంగల్)

టీచరమ్మా, నేను స్టేషన్ రోడ్డు దగ్గర ఆంప్లిఫయర్లు, టేప్‌రికార్డర్లు రిపేర్ చేస్తాను. పెళ్ళిళ్ళ మైక్ సెట్ల నుంచి హోమ్ థియేటర్ల దాకా నా బల్ల మీదికి వస్తుంటాయి. జనగామ దగ్గరి మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారి కథ ఎదురుగా కూర్చుని విన్నవాణ్ణి. ఒగ్గు కథలో డోలు ఎంత మోగినా మాట మునగదు, వెనక వరుసలో కూర్చున్న ముసలమ్మకు కూడా అందుతుంది. మీ గదిలో మునుగుతోందంటే అది డోలు తప్పు కాదు.

కొనేముందు ఒక పని చేయండి. అదే ఫైలును మంచి హెడ్‌ఫోన్స్‌లో ఒక్కసారి వినండి. అందులో తేటగా ఉంటే స్పీకర్లు మార్చాలి. అందులోనూ మందంగా ఉంటే స్పీకర్లకు పెట్టే డబ్బు దండగ, లోపం క్యాసెట్ ఎక్కించిన దగ్గర ఉంది. కంప్యూటర్ సౌండ్ సెట్టింగుల్లో బాస్ బూస్ట్, ఈక్వలైజర్ లాంటివి ఆన్ అయి ఉంటే తీసేయండి. ఇప్పుడున్న ఊఫర్ నాబ్‌ను పూర్తిగా తగ్గించి చూడండి, అంతలోనే కొంత తేడా తెలుస్తుంది.

పరకాల తమ్ముడు చెప్పిన సెట్ సినిమాలకు బాగానే ఉంటుంది, కాదనను. మీ పనికి మాత్రం వద్దంటాను. మగవాళ్ళు మాట్లాడేటప్పుడు గొంతు అడుగు దాదాపు 85 నుంచి 180 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) మధ్య ఉంటుంది. అరచేతి సైజు స్పీకర్‌కు 150, 200 హెర్ట్జ్ కిందికి దిగే బలం ఉండదు. అందుకని ఆ కింది భాగమంతా ఊఫర్‌కు పంపిస్తారు. అంటే మీ మామ గొంతు సగం టేబుల్ మీద నుంచి, సగం మీ కాళ్ళ దగ్గర నుంచి వస్తోంది. రెండూ కలిసే చోట గొంతు పలచబడుతుంది, డోలు ఒక్కటే నిండుగా నిలబడుతుంది. ఇక ట, క లాంటి అక్షరాల విరుపు తెలిసేది 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో. స, ష అయితే ఇంకా పైన. ఆ భాగాన్ని శుభ్రంగా పలికించడానికి ట్వీటర్ విడిగా ఉండాలి, మీ దగ్గరున్నలాంటి చిన్న స్పీకర్లలో చాలావాటికి అది ఉండదు.

కాబట్టి విడిగా ఊఫర్ డబ్బా లేకుండా రెండే స్పీకర్లుండే సెట్ తీసుకోండి. ఒక్కోదానిలో నాలుగు అంగుళాల ఊఫర్, పైన సిల్క్ డోమ్ ట్వీటర్, ఆంప్లిఫయర్ లోపలే ఉండేవి. వాటిని యాక్టివ్ స్పీకర్లంటారు. మీ బడ్జెట్‌కు అటూ ఇటూగా ఎడిఫయర్ ఆర్1280టి, అదే కంపెనీ ఎంఆర్4 దొరుకుతాయి. రెండూ 42 వాట్లే. మొదటిదానికి బాస్, ట్రెబుల్ నాబ్‌లు పక్కనే ఉంటాయి, రిమోట్ వస్తుంది. అమ్మ కూడా వాడుకోవడానికి అది సులువు. ఎంఆర్4 స్టూడియో రకం. ఉన్నది ఉన్నట్టు వినిపిస్తుంది, ముందు భాగంలో హెడ్‌ఫోన్స్ పిన్ను కూడా ఉంటుంది. మాట రాసుకునే పనికి నా ఓటు ఎంఆర్4కే. బడ్జెట్ బాగా తగ్గించుకోవాల్సి వస్తే క్రియేటివ్ పెబుల్ ఉంది, యూఎస్‌బీ మీదే నడుస్తుంది, మాట పరవాలేదు. డోలు మాత్రం డోలులా ఉండదు, అందుకే మీకు అది చెప్పను.

వాట్ల సంగతి. 42 అంటే తక్కువని షాపువాళ్ళు అంటారు, నమ్మొద్దు. మీరు కూర్చునేది రెండడుగుల దూరంలో. మామూలుగా వినే సౌండ్‌కు సగటున ఒక వాట్ కూడా ఖర్చు కాదు, డోలు దెబ్బ పడిన క్షణంలో మాత్రం కొన్ని వాట్లు లాగుతుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్సే. డబ్బా మీద పిఎంపిఓ అని వేలల్లో రాసి ఉంటే ఆ అంకెను పట్టించుకోకండి, దానికి ఒక కొలత అంటూ లేదు. ఆర్ఎంఎస్ (నిలకడగా ఇవ్వగలిగే వాట్లు) అని రాసింది ఒక్కటే చూడండి. '20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్' అని చిన్న స్పీకర్ మీద రాసినా అంతే. ఎన్ని డెసిబెల్స్ తేడాతో కొలిచారో పక్కన రాయకపోతే ఆ అంకెలకు విలువ లేదు. మీ క్యాసెట్లలో 15,000 పైన ఎలాగూ ఏమీ ఉండదు, అక్కడ దొరికేది బుస్సుమనే టేపు చప్పుడే.

పెట్టే తీరులో సగం ఫలితం ఉంటుంది, ఇది మాత్రం శ్రద్ధగా చేయండి. టేబుల్‌ను గోడ నుంచి జానెడు ముందుకు జరపండి. గోడకు ఆనితే బాస్ ఉబ్బుతుంది, మూలకు చేరితే ఇంకా ఉబ్బుతుంది. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరముందో వాటికీ మీకూ మధ్య అంతే ఉండాలి. ట్వీటర్ చెవి ఎత్తుకు రావాలి, అందుకు కింద చెక్క దిమ్మెలు పెట్టి, వాటి మీద మందపాటి రబ్బరు ముక్కలు వేయండి. అప్పుడు టేబుల్ చెక్క అదరదు. బీరువాను ఆ గోడ నుంచి తీసేయగలిగితే తీసేయండి. టైల్స్ మీద కొత్తవాడ జంపఖానా ఒకటి పరవండి, రెండోది మీ వెనక గోడకు వేలాడదీయండి. మందపాటి నూలు పైస్థాయి ప్రతిధ్వనిని బాగానే మింగుతుంది. మన దరీలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. నేలకూ అందం, చెవికీ మేలు.

ఇన్వర్టర్ జుయ్‌మనడం గురించి. మీది పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉండొచ్చు. దాని కరెంటు మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఏ పరికరమైనా గీ పెడుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ మీద ఆ బాధ ఉండదు. మామూలు కరెంటు మీద కూడా గుయ్ వస్తే కంప్యూటర్, స్పీకర్లు రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి. మౌస్ కదిలిస్తే శబ్దం మారుతోందంటే అది మదర్‌బోర్డు నుంచి వస్తున్నది, చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు పెడితే చాలావరకు పోతుంది. ముందు వైపు పిన్ను వదిలేసి వెనకున్న ఆకుపచ్చ పిన్నుకే వైరు పెట్టండి. ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. గుయ్ పోతుందని ఎవరైనా ప్లగ్గు మూడో పిన్ను తీసేయమంటే చచ్చినా వినకండి. అది ఎర్తింగ్, ప్రాణానికి సంబంధించిన విషయం.

కాజీపేట స్టూడియో

అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతాను. నేను బతుకమ్మ పాటలు, జానపదాలు ఎంఆర్4 మీదే మిక్స్ చేస్తాను. దాని నాబ్ నొక్కితే మానిటర్, మ్యూజిక్ అని రెండు రకాలుగా మారుతుంది. టైప్ చేసేటప్పుడు మానిటర్‌లో పెట్టుకోండి మేడం. మొదటి రెండు మూడు రోజులు పలచగా అనిపిస్తుంది. పాత ఊఫర్‌కు చెవి అలవాటు పడి ఉండటం వల్ల అట్లా ఉంటుంది, తొందరపడి వెనక్కి పంపకండి. కోరస్ వెనక ఒక ఆడమనిషి మెల్లగా ఎత్తుకున్న శ్రుతి కూడా నాకు ఇందులోనే దొరికింది, పెద్ద సెట్లలో దొరకలేదు.

షాపులో వినేటప్పుడు వాళ్ళు పెట్టే డెమో పాట వద్దనండి. మీ మామ గారి ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళండి, డోలు, మాట రెండూ ఒకేసారి ఉన్న చోటు చూసుకుని. సౌండ్ తక్కువలో పెట్టించి వినండి. తక్కువలో మాట అర్థమైతేనే అది మంచి స్పీకర్. హనుమకొండలో విని చూసే వీలు దొరక్కపోతే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో ప్రయత్నించండి. ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి ఇచ్చే గడువు చూసుకుని కొనండి.

ఐనవోలు ఆడబిడ్డ

అందరికీ చాలా చాలా థాంక్స్. ఊఫర్ నాబ్ తగ్గించి, సెట్టింగుల్లో ఏదో బూస్ట్ ఆన్ అయి ఉంటే తీసేశాను. అమ్మ వెంటనే "ఇప్పుడు మా తమ్ముని గొంతులాగుంది" అంది. ఆ తర్వాత హెడ్‌ఫోన్స్‌లో కూడా విన్నాను. ఎక్కువ క్యాసెట్లు తేటగానే ఉన్నాయి. 'పట్నం' అన్నారని తేలింది, వంతవాళ్ళు అదే మాట తిరిగి అన్నది కూడా వినబడింది. కానీ బీరప్ప కథ ఉన్న క్యాసెట్లు మాత్రం హెడ్‌ఫోన్స్‌లోనూ దుప్పటి కప్పినట్టున్నాయి. వాటికి ఏం చేయాలి అన్నా? అవి పోయినట్టేనా?

సోల్డరింగ్ ఐరన్ (వరంగల్)

పోయినట్టు కాదమ్మా. రికార్డు చేసిన మిషన్‌లో హెడ్ (టేపుకు తగిలే భాగం) కొంచెం వంకరగా ఉండి, మీ తమ్ముడు ఎక్కించిన డెక్‌లో నిటారుగా ఉంటే పైస్థాయి ధ్వని మొత్తం కొట్టుకుపోతుంది. టేపులో మాట ఉంది, హెడ్ దాన్ని సరిగా అందుకోలేదు. హెడ్ పక్కన స్ప్రింగుతో ఒక చిన్న స్క్రూ ఉంటుంది. క్యాసెట్ తిరుగుతుండగానే, సౌండ్‌ను మోనోలో పెట్టుకుని, ఆ స్క్రూను వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పితే ఒకచోట స, ష లు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. అక్కడ ఆపి మళ్ళీ ఎక్కించాలి. క్యాసెట్ క్యాసెట్‌కూ ఆ చోటు మారొచ్చు. పని అయ్యాక స్క్రూను మొదటి స్థానానికి తేవాలి, లేకపోతే మిగతా క్యాసెట్లు చెడ్డగా వినబడతాయి.

ముందు మామ కథ లేని ఏదైనా పాత క్యాసెట్ మీద తమ్ముడితో చేయించండి. ఇనుప స్క్రూడ్రైవర్‌కు అయస్కాంతం పట్టి ఉంటే హెడ్‌కు తగిలించకూడదు. హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, ఆరాకే క్యాసెట్ పెట్టాలి. ఎక్కించేటప్పుడు చప్పుడు తీసేసే ఫిల్టర్లేవీ వాడొద్దు, అవి బుస్సుతో పాటు మాటల చివర్లను కూడా కోసేస్తాయి. వేవ్ ఫైలుగా దాచి, దాని కాపీ మీద మాత్రమే ఏ మార్పులైనా చేయండి. తమ్ముడికి ధైర్యం చాలకపోతే డెక్‌నూ, ఆ బీరప్ప క్యాసెట్లనూ నా దగ్గరికి తీసుకురండి. మీరు ఎదురుగా ఉండగానే సరిచేస్తాను, క్యాసెట్లు నా దగ్గర వదిలి వెళ్ళొద్దు. అమ్మను కూడా తీసుకురండి, స్క్రూ ఎక్కడ ఆపాలో ఆమె చెవే చెప్తుంది.