మా అమ్మాయికి హిమోగ్లోబిన్ 9.2, తిండితోనే పెంచొచ్చా?

గాజువాక అమ్మ:
మా పాపకి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. ఈమధ్య రెండంతస్తులు ఎక్కితే చాలు ఆయాసపడుతోంది, స్కూల్ నుంచి రాగానే మంచమెక్కేస్తోంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.2. డాక్టర్ గారు ఐరన్ మాత్రలు రాశారు గానీ కడుపులో తిప్పుతోందని మానేసింది. మా అత్తగారేమో మందులు వేడి చేస్తాయి, బీట్‌రూట్ రసం, ఖర్జూరాలు పెట్టు చాలంటున్నారు. పొద్దున్నే బస్సు హడావిడిలో టీలో రెండు రస్కులు ముంచుకుని పరిగెడుతుంది, అదే టిఫిన్. ఇంకోటి, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి పచ్చి బియ్యం నములుతోంది, తిడితే దాక్కుని తింటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. మాత్రలు లేకుండా అవుతుందా?

ఎంవీపీ కాలనీ, స్టాఫ్ నర్స్:
అమ్మా, ఈ వయసు ఆడపిల్లలకి 12 ఉండాలి. 8 నుంచి 10.9 దాకా ఉంటే మధ్యస్థ రక్తహీనత కింద లెక్క, 8 లోపయితే తీవ్రం. 9.2ని ఒక్క తిండితోనే పైకి తేవాలనుకోకండి, చాలా ఆలస్యమవుతుంది. ఈ వయసులో రోజుకి దాదాపు 30 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి, వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. రంగు చూసి రక్తం పడుతుందనుకుంటారు, అంతే.
మాత్ర పరగడుపున పడకపోతే రాత్రి అన్నం తిన్నాక వెయ్యండి, తిప్పడం చాలావరకు తగ్గుతుంది. విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడొద్దు. పాలతో, టీతో, కాల్షియం మాత్రతో కలిపి మాత్రం వద్దు. అప్పటికీ పడకపోతే మానేయకుండా డాక్టర్‌ని అడిగి వేరే రకం రాయించుకోండి. పచ్చి బియ్యం తినడం వల్ల రక్తం తగ్గిందంటారు గానీ, ఎక్కువగా ఐరన్ తగ్గడం వల్లే ఆ యావ పుడుతుంది. తిట్టకండి పాపం, ఐరన్ అందితే అదే పోతుంది.
నెలసరి గురించి అడిగారా? గంట రెండు గంటలకే ప్యాడ్ మార్చాల్సి రావడం, గడ్డలు పడటం, ఏడు రోజులు దాటడం ఉంటే అసలు కారణం అక్కడే ఉండొచ్చు.

జాలారిపేట అక్క:
మాత్రలు వేస్తూనే తిండి కూడా మార్చండి చెల్లీ. అన్నిటికంటే ముందు ఆ పొద్దుటి టీ ఆపండి, తిన్నదాంట్లో ఐరన్‌ని ఒంటబట్టనివ్వదు. మరీ తాగుతానంటే తిన్న గంట తర్వాత. చేప తింటారా? గోంగూరలో ఎండు రొయ్యలు, తోటకూరలో ఎండు నెత్తళ్లు వేసి వండండి, ఆకుకూరలోని ఐరన్ కూడా చేప తోడుంటే బాగా పడుతుంది. నెత్తళ్లు పొడి మూకుడులో వేయించి, తలలు తుంచి, రెండు మూడు నీళ్లలో ఉప్పు పోయేదాకా కడగాలి, లేకపోతే పిల్లలు ముట్టరు. వారంలో ఒకసారి మేక కార్జం. శాకాహారులైతే పప్పులో దించేముందు కాకుండా వడ్డించాక నిమ్మకాయ పిండండి, వేడికి సి విటమిన్ పోతుంది. జామకాయ అన్నం తిన్న వెంటనే పెట్టండి. పొద్దున వంటకి టైమ్ లేకపోతే చేతికో నువ్వుండ ఇచ్చి పంపండి, బస్సులో తింటుంది.

గాజువాక అమ్మ:
అడిగాను. తొమ్మిది రోజులు అవుతోందట, స్కూల్లో బాత్రూమ్‌కి వెళ్లడానికి సిగ్గుపడి మధ్యాహ్నం నీళ్లు కూడా తాగడం లేదట. ఇన్నాళ్లూ నాతో ఒక్క ముక్క అనలేదు.

ఎంవీపీ కాలనీ, స్టాఫ్ నర్స్:
అయితే ఈ వారమే గైనకాలజిస్ట్‌కి చూపించండి, అన్ని రోజులు పోవడం ఆపకుండా ఎంత పెట్టినా నిలవదు. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష కూడా చేయించమని అడగండి. మాత్ర రోజూ సరిగ్గా వేసుకున్నా హిమోగ్లోబిన్ నెలకి కనీసం ఒక గ్రాము (9.2 ఉంటే 10.2కి) పెరగకపోతే తలసీమియా, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బుల పరీక్షలు అడగండి, మీ మూలాలు పాడేరు, అరకు వైపైతే అటు సికిల్ సెల్ ఎక్కువ కాబట్టి ఇప్పుడే అడగండి. అంకె 12 దాటగానే ఆపేయొద్దు, ఒంట్లో నిల్వ నిండడానికి ఇంకో మూడు నెలలు వాడమంటారు. స్కూల్లో వారానికొకటి ఇచ్చే నీలం ఐరన్ మాత్ర రక్తహీనత రాకుండా చూసే మోతాదు, ఇప్పుడు పాపకి అది సరిపోదు. రెండూ కలిపి వెయ్యాలా వద్దా అన్నది డాక్టర్‌నే అడగండి.