యువాన్‌యాంగ్ కొండ మడులకు నీళ్లెక్కడివి?

పటాలపిచ్చి: చైనా యునాన్ ప్రావిన్స్ దక్షిణాన ఉన్న యువాన్‌యాంగ్ కౌంటీ ఎత్తుల పటం చూస్తున్నా. అడుగున ఎర్ర నది దగ్గర 144 మీటర్లు, శిఖరం 2,939 మీటర్లు. నదేమో కింద, వరి మడులేమో కొండ మీద. మోటార్లతో ఎక్కిస్తారా, మంచు కరిగి వస్తుందా? కోతయ్యాక కూడా చలికాలమంతా మడుల్లో నీళ్లు ఎందుకు నిలబెడతారు?

కాలవగట్టు: రెండూ కాదు. లోయ వేడి. అక్కడి తేమగాలి ఆయిలావ్ కొండలెక్కుతూ చల్లబడి పొగమంచు, వాన అవుతుంది. కొండ నెత్తిన అడవి ఆ నీటిని పట్టి ఊటలుగా వదులుతుంది. అడవి కింద ఊళ్లు, ఊళ్ల కింద మడులు. 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన 16,603 హెక్టార్లలో 4 పెద్ద కాలువలు, 392 పిల్లకాలువలు ఉన్నాయి. కాలువ చీలేచోట గాట్లు కొట్టిన దుంగో రాయో అడ్డంగా పెడతారు. ఎవరి గాటు వెడల్పు వాళ్ల వాటా. దుంగ ఓ పక్కకు ఒరిగినా, గాట్లో ఆకులు ఇరుక్కున్నా లెక్క తప్పుతుంది. అందుకే కాలువ చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టుకుంటారు, అతనికి కూలి ధాన్యం రూపంలో.

దమ్ముచేను: చలికాలం నీళ్లు గట్టు కోసం. అక్కడ ఏడాదికి ఒకటే పంట. కోత కాగానే దున్ని, గట్లు చెక్కి, బురద మెత్తి నీళ్లు పెట్టేస్తారు. ఎండగడితే బంకమట్టి నెర్రెలిస్తుంది. మళ్లీ పెట్టిన నీరు ఆ నెర్రెల్లోంచి గట్టులోకి దిగి దాన్ని జార్చేస్తుంది. ఆ మట్టంతా కింది మడి మీద పడుతుంది. కాబట్టి పైన ఒకరు వరి మాని, మడి ఎండగట్టి మొక్కజొన్న వేస్తే దెబ్బ కింది వాళ్లకే. ఇంకో బెడద అమెరికా ఎర్ర రొయ్య, ఎండ్రకాయలా గట్లను తొలిచేస్తుంది. బొక్క కనబడగానే మట్టి కూరి తొక్కకపోతే నీరు దాన్ని పెద్దది చేస్తుంది.

కాలవగట్టు: ఎరువు సంగతి మరిచాను. ఊళ్లో గుంటలో మాగిన పేడను కాలువలోకి వదిలితే అదే కిందికి పోతుంది, మోసే పని లేదు. కాకపోతే దారిలోని ఇతరుల మడవలన్నీ మూసుకుంటూ రావాలి, లేదంటే ఎరువు వాళ్ల పొలంలో దిగుతుంది.

లెన్సుమూత: చూడటానికి వెళ్లేవాళ్లకు: మడుల్లో నీళ్లు మెరిసేది నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. సూర్యోదయానికి దువోయీషు, సాయంత్రానికి బాదా, లావ్‌హుజుయ్ అనే చోట్లకు వెళ్లండి. కౌంటీ కేంద్రం నాన్షా నది లోయలో ఉంది, మడులకు దూరం. బస కొండ పైన మడుల దగ్గరే చూసుకోండి. పొగమంచు కమ్మితే పక్క మడి కూడా కనబడదు, ఒక్క రోజుకే వెళ్లొద్దు.