ఏ బాధా లేనివారికి క్యాన్సర్ పరీక్షలు నిజంగా అవసరమా?

ప్రశ్న: కావలి టీచర్

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గరి పల్లె. ఈమధ్య మా సచివాలయం ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి, 30 ఏళ్లు దాటినవారి వివరాలు రాసుకొని, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార (గర్భసంచి మూతి) పరీక్షలకు పీహెచ్‌సీకి రమ్మని చెప్పి వెళ్లారు. మా ఇంట్లో ఎవరూ కదలడం లేదు.

అమ్మకు 56 ఏళ్లు. తెల్లబట్ట అవుతోందని చాలాకాలం క్రితమే గర్భసంచి తీయించారు కనుక తనకిక ఏ క్యాన్సరూ రాదని ఆమె నమ్మకం. వదినకు 34 ఏళ్లు. ఏ బాధా లేకుండా అలాంటి పరీక్షకు వెళ్తే ఊళ్లో ఏమనుకుంటారోనని సంకోచిస్తోంది. నాన్న పొగాకు రైతు. చుట్ట మానేశారు గానీ ఖైనీ మానలేదు, మగవాళ్లకు ఈ పరీక్షలేమిటని కొట్టిపారేస్తున్నారు. అన్నయ్య మాత్రం ఇవేవీ వద్దు, నెల్లూరులో ఏదో ల్యాబులో రక్తం ఇస్తే అన్ని క్యాన్సర్లూ ఒకేసారి తెలిసిపోతాయంటున్నాడు. వీరికి నేను ఏమని చెప్పాలో, వివరాలు తెలిసినవారు దయచేసి రాయగలరు.

సమాధానం 1: స్టాఫ్ నర్సు, ప్రకాశం జిల్లా

టీచరు గారూ, ముఖద్వార పరీక్ష చేయడంలో శిక్షణ పొందినదాన్ని కనుక ముందు మీ వదిన గారి సంగతి రాస్తాను. మీ ఇంట్లో ఈ పరీక్షల వల్ల అందరికంటే ఎక్కువ మేలు జరిగేది ఆమెకే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ అనే వైరస్ శరీరంలో ఏళ్ల తరబడి నిలిచిపోవడం వల్లనే వస్తుంది. సంసారం చేస్తున్న ఆడవారిలో చాలామందికి ఇది ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, ఎక్కువమందిలో ఏడాది రెండేళ్లలో దానంతట అదే పోతుంది. ఇందులో ఎవరి నడవడికనూ తప్పుపట్టవలసింది ఏమీ లేదని ఆమెకు స్పష్టంగా చెప్పండి. వైరస్ పోకుండా మిగిలిన కొద్దిమందిలో ముఖద్వారం మీది కణాలు మెల్లగా మారుతూ క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఆ కాలంలో చాలావరకు నొప్పీ రక్తస్రావమూ ఏమీ ఉండవు కాబట్టి, పరీక్ష చేయించుకుంటే తప్ప తెలియదు. ఆ దశలో దొరికితే చాలామందికి గర్భసంచి తీయవలసిన అవసరం ఉండదు, మార్పు వచ్చిన భాగానికి మాత్రం చికిత్స చేసి అదే రోజు ఇంటికి పంపుతారు.

పీహెచ్‌సీలో చేసే పరీక్ష కొద్ది నిమిషాల పని. 5 శాతం ఎసిటిక్ ఆమ్లాన్ని ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగితే, మార్పు వచ్చినచోట తెల్లగా కనిపిస్తుంది. ఇంత చిన్న పరీక్షతో ఏమవుతుందని అనుకోవద్దు. టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు ముంబయి మురికివాడలలో పదో తరగతి చదివిన మహిళలకు శిక్షణ ఇచ్చి, రెండేళ్లకోసారి ఈ పరీక్ష చేయించగా, ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ పల్లెల్లో జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష (ఆ వైరస్ ఉందో లేదో చూసే పరీక్ష) చేసినందుకే మరణాలు దాదాపు సగానికి తగ్గినట్టు 2009లో ప్రచురించారు. ఆ పల్లెలకూ మన పల్లెలకూ పెద్ద తేడా లేదు.

మీ అమ్మగారి విషయంలో తెలుసుకోవలసింది ఒకటుంది. గర్భసంచితోపాటు ముఖద్వారాన్ని కూడా తీశారా, పైభాగం తీసి ముఖద్వారాన్ని ఉంచేశారా అన్నది ఆసుపత్రివారు ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. పూర్తిగా తీసి, అప్పటి ముక్క పరీక్షలో (బయాప్సీలో) క్యాన్సర్ గానీ దాని ముందరి మార్పులు గానీ లేవని వచ్చి ఉంటే, ముఖద్వార పరీక్ష ఆమెకు అక్కరలేదు. ముఖద్వారం మిగిలి ఉంటే మాత్రం కావాలి. అయితే ముట్లుడిగిన తరువాత మార్పులు వచ్చే భాగం లోపలికి జరిగిపోతుంది కనుక, ఆ వయసులో కంటితో చూసే పరీక్ష కంటే హెచ్‌పీవీ పరీక్ష నమ్మదగినది. ఏది ఎలా ఉన్నా, గర్భసంచి తీసినంత మాత్రాన రొమ్ము క్యాన్సర్ భయం పోదు. 56 ఏళ్ల వయసులో రొమ్ము పరీక్ష ఆమెకు తప్పనిసరి. వీలైతే రెండేళ్లకోసారి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించండి. గడ్డ నొప్పి లేకుండా ఉందని ఊరుకునేవారిని నేను చాలామందిని చూశాను. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు.

దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాలలో మనది ఒకటని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. తెల్లబట్టను చూపి క్యాన్సర్ వస్తుందని భయపెట్టి, ముప్పై ఏళ్లు దాటీ దాటకుండానే గర్భసంచి తీయించేయడం నాకు ఎంతో ఆవేదన కలిగిస్తుంది. ఆ భయానికి జవాబు పరీక్షలోనే దొరుకుతుంది, దానికి అంత పెద్ద ఆపరేషన్ అక్కరలేదు.

సమాధానం 2: పొగాకు రైతు కుటుంబం, టంగుటూరు

మీ నాన్నగారి గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. మన దేశంలో మగవారికి అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది నోటి క్యాన్సరే. ఖైనీ పెట్టుకునే చోట, అంటే పెదవికీ చిగుళ్లకూ మధ్యన, బుగ్గ లోపల తెల్లని గానీ ఎర్రని గానీ మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, కారం తగిలితే మంట, నోరు మునుపటిలా తెరుచుకోకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకూడదు. ఏమీ కనిపించకపోయినా, అలవాటు ఉన్నవారు నోరు చూపించుకుంటూ ఉండాలి. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు కంటితో చూసి నోరు పరీక్షించినందువల్ల, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గినట్టు 2005లో వెల్లడించారు. అలవాటు లేనివారిలో అంత ప్రయోజనం కనబడలేదు. కాబట్టి ఈ పరీక్ష ముఖ్యంగా మీ నాన్నగారి వంటివారి కోసమేనని చెప్పండి. పొగాకు లేని వక్కాకు అయితే ఫరవాలేదనే మాట కూడా నమ్మవద్దు, వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది.

బేరన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం) వేసి, వేలం కేంద్రానికి పొగాకు చెక్కులు (బేళ్లు) తోలి మా కుటుంబం కూడా ఆ పంట మీదే బతికింది. పంట పండించడం వేరు, దాన్ని నోట్లో పెట్టుకోవడం వేరు అని మా ఇంట్లో పెద్దలకు చెప్పగలిగాము. మీరూ చెప్పగలరు.

సమాధానం 3: పాథాలజీ వైద్యుడు, నెల్లూరు

మీ అన్నగారు చెప్పిన రక్త పరీక్షల ప్యాకేజీల గురించి మాత్రమే రాస్తాను. వాటిలో చేసే సీఈఏ, సీఏ 125 (రక్తంలో కొన్ని పదార్థాల మోతాదును చూసేవి) వంటి పరీక్షలు, క్యాన్సర్ ఉన్నట్టు తేలినవారిలో చికిత్స ఎలా పనిచేస్తున్నదో చూడడానికి పనికివస్తాయి. ఆరోగ్యంగా ఉన్నవారిలో క్యాన్సర్ వెతకడానికి వాటిని నమ్మలేము. సీఈఏ పొగ తాగేవారిలో కూడా పెరుగుతుంది. సీఏ 125 బహిష్టు రోజుల్లోనూ, కడుపులో క్షయ ఉన్నప్పుడూ పెరుగుతుంది. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా స్త్రీలను తీసుకొని, వారిలో కొందరికి సీఏ 125, మరికొందరికి స్కానింగ్ ప్రతి ఏటా చేస్తూ, మిగిలినవారితో పోల్చి చూశారు. 2021లో ఫలితాలు వచ్చేసరికి అండాశయ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. ముందుగా పరీక్షించడం వల్ల మేలు ఉందని రుజువైన క్యాన్సర్లు కొన్నే. పీహెచ్‌సీలో ఉచితంగా చూసే మూడూ ఆ కొన్నిటిలోనివే.

కావలి టీచర్

అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ ఇంట్లో చదివి వినిపించాను. వదిన వస్తానన్నది, అమ్మ పాత కాగితాలు వెతుకుతోంది. నాన్న ఇంకా ఒప్పుకోలేదు గానీ, అద్దం ముందు నిలబడి నోరు చూసుకున్నారు. ఇంకొక రెండు సందేహాలు ఉన్నాయి. పరీక్షలో తేడా కనబడితే వెంటనే చెన్నైకి పరుగెత్తాలా? మా వదిన కూతురికి 11 ఏళ్లు, దానికి హెచ్‌పీవీ రాకుండా టీకా వేయించవచ్చా?

సమాధానం 4: స్టాఫ్ నర్సు, ప్రకాశం జిల్లా

తెల్లగా కనబడిన వారందరికీ క్యాన్సర్ ఉండదు, చాలామందికి అది మామూలు వాపు గానో, చికిత్సతో పోయే మార్పు గానో తేలుతుంది. తేడా ఉంటే కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్ష) కోసం, అవసరమైతే ముక్క పరీక్ష కోసం పెద్దాసుపత్రి గైనకాలజీ విభాగానికి రాసి పంపుతారు. ఆ చీటీ తీసుకొని వెళ్లకుండా ఇంట్లోనే ఉండిపోతే, చేసిన పరీక్షంతా వృథా అవుతుంది. కనుక ఆ రోజు మీరు ఆమె వెంట ఉండండి. క్యాన్సరేనని తేలితే చికిత్స ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద జరుగుతుంది. మన జిల్లాలవారు అలవాటుగా చెన్నైలోని అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్తుంటారు గానీ, తిరుపతిలో కూడా క్యాన్సర్ వైద్యం ఉంది.

పాపకు హెచ్‌పీవీ టీకా తప్పక వేయించండి. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయిస్తే మంచిది. 2022లో మన దేశంలో తయారైన టీకాకు కూడా అనుమతి వచ్చింది. టీకా వేయించుకున్నా, పెద్దయ్యాక పరీక్ష మానకూడదు. వదిన గారిని బహిష్టు లేని రోజుల్లో తీసుకురండి. ముందు రెండు రోజులు లోపల పెట్టుకునే మందులేవీ వాడవద్దని చెప్పండి. పరగడుపున రావలసిన పనిలేదు.