ఒకే జవాబు ఎంచాల్సిన చోట చెక్‌బాక్సా, రేడియో బటనా?

ప్రశ్న:
ఒక రైతు సహకార సంఘం కోసం పంట రుణ దరఖాస్తును వెబ్ ఫారంగా తయారుచేస్తున్నాను. "మీరు సాగు చేసే భూమి" అన్న ప్రశ్నకు "సొంతం", "కౌలు" అని రెండు జవాబులున్నాయి. వాటిలో ఒకటే ఎంచుకోవాలి. చెక్‌బాక్సులే పెట్టి, ఒకదానికి టిక్ పెడితే రెండోది జావాస్క్రిప్ట్ కోడ్‌తో చెరిగిపోయేలా చేద్దామని మా సహోద్యోగి అంటున్నారు. దీనివల్ల ఇబ్బంది ఉంటుందా?

మొదటి జవాబు:
ఉంటుందండీ. చదరపు గడి (చెక్‌బాక్స్) కనిపిస్తే ఎన్నిటికైనా టిక్ పెట్టవచ్చనీ, గుండ్రటిది (రేడియో బటన్) కనిపిస్తే ఒక్కదానికేననీ జనానికి అలవాటైంది కనుక, పెట్టిన టిక్ దానంతటదే మాయమైతే ఫారం పాడైందనుకుంటారు. రేడియో బటన్లన్నిటికీ కోడ్‌లో ఒకే పేరు (నేమ్) ఇస్తే, ఒకటి ఎంచగానే మరొకదాన్ని తీసేసే పని బ్రౌజరే చూసుకుంటుంది. వాటిని ఫీల్డ్‌సెట్‌లో (ఒక ప్రశ్నకు చెందిన బటన్లను ఒక గుంపుగా ఉంచే ట్యాగ్) ఉంచి ప్రశ్నను లెజెండ్‌గా (ఆ గుంపు శీర్షికగా) రాస్తే, స్క్రీన్ రీడర్ (తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవారికి జవాబులతో పాటు ప్రశ్న కూడా వినిపిస్తుంది. ప్రతి జవాబునూ దాని బటన్‌తో ముడిపెట్టే లేబుల్ ట్యాగ్‌లో పెట్టడం మరవకండి. ఫోన్‌లో ఆ చిన్న సున్నా మీదే వేలు పడాలంటే కష్టం, అక్షరాల మీద తాకినా ఎంపిక జరగాలి.

రెండో జవాబు:
రేడియో బటన్ల విషయంలో నాకు అభ్యంతరం లేదు కానీ, అసలు ఈ రెండు జవాబులూ ఒకదానికొకటి పొసగనివేనా? రెండెకరాలు సొంతంగా ఉండి, పక్కనే మరో మూడెకరాలు కౌలుకు తీసుకునే రైతులు మన పల్లెల్లో కొల్లలు. అటువంటి రైతు మీ ఫారంలో ఏది నొక్కినా అది సగం నిజమే అవుతుంది. "సొంతం మాత్రమే", "కౌలు మాత్రమే", "రెండూ" అని మూడు పెట్టండి. నన్నడిగితే, సొంత విస్తీర్ణం ఎంత, కౌలు విస్తీర్ణం ఎంత అని విడివిడిగా రెండు అంకెలు అడగడమే మేలు. పంట రుణం లెక్కకు ఎలాగూ ఆ ఎకరాలు కావాలి కదా.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. విస్తీర్ణం తరువాతి పేజీలో ఎలాగూ అడుగుతున్నాము కనుక ఇక్కడ మూడు రేడియో బటన్లు పెడతాను. ఎక్కువమందిది సొంత భూమే కాబట్టి, "సొంతం మాత్రమే" ముందే ఎంచి ఉంచవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
వద్దండీ. ముందే నిండిన ప్రశ్నను చాలామంది చదవకుండానే దాటేస్తారు. తరువాత ఎవరు చూసి ఎంచారో, ఎవరు వదిలేశారో మీకు తెలియదు. ఖాళీగా ఉంచి, జవాబు తప్పనిసరి చేయండి. తప్పనిసరి కాని ప్రశ్నలకైతే "చెప్పదలచుకోలేదు" అన్నది కూడా చేర్చండి, ఎందుకంటే రేడియో బటన్‌ను ఒకసారి నొక్కాక మళ్లీ నొక్కినా ఎంపిక తొలగదు.